బస్తీ పిల్లల కోసం ప్లేస్కూల్ పెట్టే ముందు అక్కడి అంగన్‌వాడీలోకి ఒకసారి వెళ్లి రండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: కొండాపూర్‌లో మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మూడు లక్షలు పోగుచేసింది. మీ ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు చాలామంది వెనకనున్న బస్తీలోనే ఉంటారు. వాళ్ల చిన్నపిల్లల కోసం ఒక ఉచిత ప్లేస్కూల్ పెట్టాలనుకుంటున్నారు. అక్కడ అంగన్‌వాడీ ఉంది కానీ "ఉన్నా లేనట్టే" అని రాశారు. ఎలా మొదలుపెట్టాలి, ఎవరి పర్మిషన్ తీసుకోవాలి అని అడిగారు.

నేను చాలా ఏళ్లు హైదరాబాద్ బస్తీల్లో, అంగన్‌వాడీలు నడిపే ప్రభుత్వ పథకమైన ఐసీడీఎస్‌తో కలిసి పనిచేశాను, ఇప్పటికీ చేస్తున్నాను. సూటిగా చెప్తాను, ప్లేస్కూల్ పెట్టకండి. ఆ డబ్బు, అంతకంటే ముఖ్యంగా మీ టైము, మీకున్న పరిచయాలు, ఆఫీసుల్లో కూర్చుని ఒక కాగితం కదిలించగల మీ ఓపిక, ఇవన్నీ ఆ అంగన్‌వాడీని నిలబెట్టడానికి వాడండి. ఎందుకో వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ ఊళ్లో మంచి మనసున్నవాళ్లు ప్రతి ఏడాదీ ఇలాంటివి మొదలుపెడతారు, మరుసటి ఏడాదికి అవి ఉండవు, మధ్యలో నష్టపోయేది ఆ పిల్లలే.

ముందు లెక్క చూద్దాం. ముప్పై మంది పిల్లలకు ఒక గది అద్దె పన్నెండు వేలు అనుకోండి, టీచర్‌కి పదిహేను, ఆయాకి తొమ్మిది. ఒక్కో బిడ్డకు రోజుకి ముప్పై రూపాయల తిండి, నెలకి పాతిక రోజులు అంటే ఇరవై రెండున్నర వేలు. మొత్తం నెలకి యాభై ఎనిమిదిన్నర వేలు, అంటే మీ మూడు లక్షలు ఐదు నెలలు వస్తాయి. ఆరో నెల మళ్లీ వాట్సాప్ గ్రూప్‌లో చందాలు అడగాలి, అప్పటికి సగం మంది మౌనంగా ఉంటారు. వాళ్ల తప్పు కూడా కాదు, ఎవరి ఇంటి ఈఎంఐలు వాళ్లకున్నాయి.

ఇప్పుడు అదే బస్తీలో ప్రభుత్వం ఇప్పటికే ఏం పెడుతోందో చూడండి. అంగన్‌వాడీ టీచర్ గౌరవ వేతనం 2021లో తెలంగాణ 13,650 రూపాయలకు పెంచింది. ఆయా ఉంటుంది. మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలకు మధ్యాహ్నం వేడి అన్నం, గుడ్డు ఇస్తారు. మూడేళ్లలోపు వాళ్లకి మన నాచారంలోనే తయారయ్యే బాలామృతం అనే పౌష్టికాహార పొడి, గుడ్లు ఇస్తారు. గర్భిణులకు, బాలింతలకు 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. ఇది ఎవరి దయా కాదు. 2013 ఆహార భద్రత చట్టం ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా ప్రతి బిడ్డకు రోజుకి 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రోటీన్ ఇచ్చే పౌష్టికాహారం హక్కు అని రాసింది, బాగా బలహీనంగా ఉన్న బిడ్డకైతే 800 కేలరీలు. మీరు మీ గదిలో ఎంత బాగా పెట్టినా అది మీకు వీలున్నన్నాళ్లే. ఇది చట్టంలో ఉంది, మీరు ఫ్లాట్ అమ్ముకుని వెళ్లిపోయినా ఉంటుంది. పైగా మీ స్కూల్ బాగుంటే పిల్లలు అక్కడికొస్తారు, అంగన్‌వాడీ రిజిస్టర్‌లో హాజరు పడిపోతుంది, రేపు "ఇక్కడ పిల్లలు లేరు" అని ఆ సెంటర్‌ని పక్కదాంట్లో కలిపేయడానికి అదే సాక్ష్యం అవుతుంది.

మరి ఉన్నా లేనట్టే ఎందుకుంది? వెళ్లి చూడండి. పదకొండు గంటలకు వెళ్లండి, ఫొటోలు తీయకుండా, టీచర్‌తో పది నిమిషాలు కూర్చుంటానని చెప్పి. సిటీలో నేను చూసిన అద్దె సెంటర్లు చాలావరకు ఇలా ఉంటాయి: పది అడుగుల గది, ఒక మూల బియ్యం బస్తాలు, పప్పు డబ్బాలు, వాటి మీద గుడ్ల ట్రేలు, ఇంకో మూల గ్యాస్ స్టవ్, స్టవ్‌కి పిల్లలకి మధ్య అడ్డంగా ఒక బెంచీ. గోడ మీద అక్షరాల చార్టులు ఉంటాయి కానీ వాటి ముందు బస్తాలు ఉండటంతో "అ ఆ ఇ ఈ" వరసే కనిపిస్తుంది. బరువు తూచే సాల్టర్ త్రాసు గుమ్మానికి వేలాడుతుంది, ఎందుకంటే ఇంకెక్కడా కొక్కెం లేదు. బాత్రూమ్ ఇంటి ఓనర్‌ది, పిల్లల్ని వాడనివ్వరు. అద్దె బిల్లు నెలల తరబడి రాకపోతే టీచర్ తన జీతంలోంచి కట్టి ఓనర్‌ని బతిమాలుకుంటూ ఉంటుంది. ప్రభుత్వం ఇచ్చే అద్దెకి హైదరాబాద్‌లో ఇంతకంటే మంచి గది రాదు. ఇలాంటి చోటికి ఏ తల్లి అయినా మూడేళ్ల బిడ్డను నమ్మకంగా పంపుతుందా? అందుకే నెలకి ఐదారొందలు కట్టి గల్లీ చివర ప్రైవేటు నర్సరీకి పంపుతుంది, అక్కడ తిండి ఉండదు, టై ఉంటుంది.

కాబట్టి మొదటి సమస్య గది. దీనికి మీరు కొత్తగా ఏమీ కట్టక్కర్లేదు, ఇది చాలామందికి తట్టని విషయం. సిటీలో చాలా బస్తీల్లో జీహెచ్ఎంసీ కట్టించిన కమ్యూనిటీ హాల్ ఉంటుంది, నెలలో రెండు మూడు ఫంక్షన్లకు తప్ప తాళం వేసి ఉంటుంది. సికింద్రాబాద్ వైపు నేను పనిచేసిన ఒక బస్తీలో తాళం చెవి బస్తీ పెద్దాయన ఇంట్లో ఉండేది. హాల్లో మైక్ సెట్టు, షామియానా గుంజలు, వినాయకుడి మండపం ప్లైవుడ్ పెట్టుకున్నారు. అంగన్‌వాడీకి ఇవ్వమంటే ఆయన చెప్పిన అభ్యంతరం ఒక్కటే, "గవర్నమెంట్ చేతిలోకి పోతే రేపు మా ఆడపిల్ల ఫంక్షన్‌కి మేం వేరే చోట అద్దె కట్టుకోవాలి." న్యాయమైన భయం అది. ఇలాంటప్పుడు ఆఫీసర్ని తీసుకొచ్చి గట్టిగా చెప్పిస్తే తాళం వస్తుంది, ఆ తర్వాత బస్తీ మొత్తం ఆ సెంటర్‌కి దూరమవుతుంది. అక్కడ మహిళా సంఘం వాళ్లు కూర్చుని తెల్ల కాగితం మీద రాసుకున్నారు: పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిల్లలది, ఆదివారాలు, పండగలు బస్తీవి, ఫంక్షన్ ఉంటే ముందురోజే టీచర్‌కి చెప్పాలి, సామాను వెనక గదిలో, ఆ గది తాళం బస్తీ వాళ్ల దగ్గరే. సంఘం వాళ్లు, పెద్దాయన, టీచర్, సూపర్‌వైజర్ సంతకాలు పెట్టారు. ఆ తర్వాత వార్డు ఆఫీసు నుంచి నల్లా కనెక్షన్, బాత్రూమ్ రిపేరు చేయించుకోవడం సులువైంది, ఎందుకంటే అది ప్రభుత్వ బిల్డింగే, ఎస్టిమేట్ వేయడానికి ఇంజినీర్‌కి ఇబ్బంది లేదు. అద్దె ఇంట్లో ఒక్క ట్యాప్ పెట్టాలన్నా ఏ ఆఫీసరూ సంతకం పెట్టడు. మీ డబ్బుకి ఇక్కడ మొదటి పని ఉంది: కిటికీలకు జాలీలు, పిల్లల ఎత్తుకి తగిన రెండు షెల్ఫులు, నేల మీద మంచి మ్యాట్లు, వంటకి ఒక అడ్డుగోడ. అరవై డెబ్భై వేలు దాటదు. మీ బస్తీలో హాల్ లేకపోతే దగ్గర్లోని ప్రభుత్వ స్కూల్లో ఖాళీ గది ఉందేమో చూడండి. అది ఇంకా మంచిది, బిడ్డ అదే గేటులోంచి ఒకటో తరగతికి వెళ్తుంది.

రెండో సమస్య టైము, గదికంటే ఇదే పెద్దది. మీ ఇంట్లో అంట్లు తోమే ఆమె పొద్దున ఎన్నింటికి వస్తుంది? ఏడింటికా? అంగన్‌వాడీ తెరిచేది తొమ్మిదింటికి. నాలుగిళ్లు చేసుకుని ఆమె తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఈలోపు ఏడాదిన్నర పిల్లాణ్ణి ఎవరు చూస్తారు? ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో ఉన్న అక్క. ఆ అక్క స్కూల్ రిజిస్టర్‌లో ఉంటుంది, వారానికి రెండు రోజులు వెళ్తుంది, ఆరో తరగతికి వచ్చేసరికి పూర్తిగా మానేస్తుంది. చిన్నపిల్లల సంరక్షణ లేకపోతే పోయేది చిన్నపిల్లలు ఒక్కరే కాదు, వాళ్లకంటే పెద్దదైన ఆడపిల్ల చదువు కూడా అని బస్తీలో తిరిగిన ఎవరైనా చెప్తారు. బాలామృతం విషయమూ అంతే. ఇప్పుడు ప్యాకెట్ ఇవ్వాలంటే తల్లి ముఖం ఫోన్‌లో స్కాన్ కావాలి, ఆ టైముకి ఆమె మీ వంటింట్లో ఉంటుంది. నెలకి ఒక్కరోజు, సెంటర్ తెరిచి ఉన్న టైములో, ఒక గంట ఆమెని వదిలిపెట్టడానికి మీ అపార్ట్‌మెంట్‌లో అందరూ ఒప్పుకుంటే చాలు, పైసా ఖర్చు లేకుండా ఎంతమంది పిల్లలకు తిండి చేరుతుందో చూడండి. ఇది మీ అసోసియేషన్ ఈ ఆదివారమే చేయగలిగిన పని.

మూడేళ్లలోపు వాళ్లకి కావాల్సింది క్రెష్, అంటే తల్లులు పనిలో ఉన్నంతసేపూ పిల్లల్ని చూసుకునే చోటు. కేంద్రం మహిళల కోసం పెట్టిన మిషన్ శక్తిలో పాల్నా అని ఒక స్కీము ఉంది, అంగన్‌వాడీకి క్రెష్ కలిపి నడపడానికి. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు, నెలకి 26 రోజులు, రోజుకి ఏడున్నర గంటలు, దానికి వేరే వర్కర్, వేరే హెల్పర్ ఉంటారు. ఖర్చులో కేంద్రం 60, రాష్ట్రం 40. కానీ ఇది రాష్ట్రం అడిగితేనే వస్తుంది, రాష్ట్రం అడగాలంటే కింద నుంచి "ఇక్కడ ఇంతమంది పిల్లలున్నారు, తల్లులు ఈ టైములో పనికి వెళ్తారు, గది ఇది" అని లెక్కతో కాగితం వెళ్లాలి. ఆ కాగితం తయారయ్యే దాకా, శాంక్షన్ వచ్చే దాకా మధ్యలో ఉన్న ఆరేడు నెలలు మీ డబ్బుతో నడపండి. అదే హాల్లో పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది దాకా బస్తీలోనే ఉండే ఇద్దరు ఆడవాళ్లకి జీతమిచ్చి పిల్లల్ని చూసుకోమనండి, వీలైతే సాయంత్రం ఒక గంట. ఇక్కడ మీ రెండు లక్షలు నిజంగా పనికొస్తాయి, ఎందుకంటే సర్కారు ఇంకా రాని చోట పెడుతున్నారు, ఉన్న చోట కాదు. హాజరు పుస్తకం మాత్రం మొదటి రోజు నుంచి రాయించండి, రేపు పాల్నా అడిగేటప్పుడు అదే మీ బలం.

ఇంకోటి, మీ పక్కన టవర్లు కడుతున్నారని రాశారు. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు రేకుల షెడ్లలో ఉంటాయి. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టమే యాభై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే సైటులో ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలంది, కార్మికుల సంక్షేమం కోసం బిల్డర్ల నుంచి సెస్సు కూడా వసూలవుతుంది. బిల్డర్‌ని అడగండి, పక్కింటివాళ్లుగా మీకు ఆ హక్కుంది. అలాగే 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ యాభై మంది ఉద్యోగులున్న సంస్థలో క్రెష్ ఉండాలని చెప్పింది, మీ ఆఫీసులో ఉందా?

ఇక లెక్క. ఇది అన్నింటికీ పునాది, అందరూ బద్ధకించేదీ ఇదే. ఇల్లిల్లూ తిరిగి ఆరేళ్లలోపు ప్రతి బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తల్లి ఏ టైముకి వెళ్లి ఏ టైముకి వస్తుంది, పెద్ద పిల్లలు ఎవరైనా బడి మానేసి ఇంట్లో ఉన్నారా, ఇవి రాసుకోండి. అద్దెకుండేవాళ్లని, ఆధార్ వేరే ఊళ్లో ఉన్నవాళ్లని, రేకుల షెడ్ల వాళ్లని ముందు రాయండి, ఎందుకంటే అధికారిక సర్వేల్లో జారిపోయేది వాళ్లే. మీ ఫ్లాట్ల నుంచి ఇద్దరు, బస్తీ మహిళా సంఘం నుంచి ఇద్దరు, ఆశా వర్కర్ కలిసి వెళ్తే తలుపులు తెరుచుకుంటాయి. మీరొక్కరే వెళ్తే లోన్ రికవరీ వాళ్లనుకుంటారు. 2006 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు ఆహార హక్కు కేసులో చెప్పిన మాట మీకు ఉపయోగపడుతుంది: ఆరేళ్లలోపు పిల్లలు కనీసం నలభై మంది ఉండి అంగన్‌వాడీ లేని ఆవాసంలో, బస్తీలో, జనం అడిగితే మూడు నెలల్లోపు పెట్టాలి. మీ బస్తీ అవతల నాలా దాటి ఉన్న గుడిసెల్లో సెంటర్ లేదని రాశారు కదా, అక్కడ నలభై మంది తేలితే దరఖాస్తు ఆ వాక్యంతోనే మొదలవ్వాలి. మీ ప్రాంతం అంగన్‌వాడీలను చూసే ప్రాజెక్టు అధికారి సీడీపీఓకి ఒకటి, జిల్లా సంక్షేమాధికారికి ఒకటి, సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఒకటి ఇచ్చి రసీదు తీసుకోండి. కదలకపోతే పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. కోపంతో కాదు, పద్ధతిగా, వెంటపడి.

లెక్క తీసేటప్పుడే పిల్లల జబ్బ చుట్టుకొలత కూడా చూడండి, టేప్ ఆశా దగ్గర ఉంటుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల బిడ్డకు 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే టేప్ మీద అది ఎర్ర రంగు, అంటే తీవ్ర పోషకాహార లోపం, ఆగకూడదు, ఆ రోజే టీచర్‌కి, ఆరోగ్య కేంద్రం నర్సు ఏఎన్ఎంకి చెప్పి బస్తీ దవాఖానాకి తీసుకెళ్లాలి, వాళ్లు నీలోఫర్ పిల్లల ఆసుపత్రికి రాసిస్తే తోడు వెళ్లాలి. తోడు వెళ్లడమే అసలు సాయం. పెద్దాసుపత్రిలో అడ్మిట్ అయితే తల్లి రోజుకూలీ పోతుంది, ఇంట్లో ఇంకో ఇద్దరు పిల్లలుంటారు, అందుకే చాలామంది మధ్యలో వచ్చేస్తారు. ఆ రోజుల కూలీ మీ నిధి నుంచి ఇవ్వండి, ఇంట్లో పిల్లల్ని పక్కింటివాళ్లు చూసేలా మాట్లాడండి. వైద్యం ప్రభుత్వం చేస్తుంది, తల్లి మధ్యలో వచ్చేయకుండా ఆపేది ఆ కూలీ డబ్బే.

కింద ఒకరు "పన్నులు కడుతున్నాం కదా, మళ్లీ మనమెందుకు?" అని కామెంట్ పెట్టారు. పన్నులు కడుతున్నాం కాబట్టే. 1975 అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో మొదలైన ఐసీడీఎస్ ఇవాళ దేశమంతా ఉంది, కానీ ఆ డబ్బు ఎంత సన్నగా పరుచుకుందో చూడండి. 2017లో సవరించినప్పుడు ఒక బిడ్డ పౌష్టికాహారానికి కేంద్రం నిర్ణయించిన ఖర్చు రోజుకి 8 రూపాయలు. తెలంగాణ పిల్లలకు గుడ్డు, తల్లులకు పాలు పెట్టగలుగుతోందంటే రాష్ట్రం పైనుంచి వేసుకుంటోంది కాబట్టి. ఇది పెరగాలంటే అడిగేవాళ్లు బస్తీలోనే కాదు, గేటెడ్ కమ్యూనిటీల్లో కూడా ఉండాలి. ఫ్లైఓవర్ ఆలస్యమైతే మనం ట్వీట్లు పెడతాం, అంగన్‌వాడీ అద్దె ఆగితే మనకు తెలియను కూడా తెలియదు. ఎమ్మెల్యే మీ గేటు దగ్గరికి ఓట్లకొచ్చినప్పుడు పార్కు లైట్లతో పాటు ఈ సంగతీ అడగండి, నియోజకవర్గ నిధుల్లోంచి సెంటర్‌కి సొంత బిల్డింగ్ అడగండి.

ఇది ఈ ఊరికి కొత్త కూడా కాదు. 1967లోనే హైదరాబాద్‌లో పట్టణ సామాజికాభివృద్ధి ప్రాజెక్టు మొదలైంది, మున్సిపాలిటీ డబ్బు, బస్తీ మహిళా మండళ్ల శ్రమ కలిపి బాల్వాడీలు, అంటే చిన్నపిల్లల బడులు, నడిచాయి. తర్వాత 1990లలో రంగారెడ్డి జిల్లా ఊళ్లలో ఎంవీ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ వేలమంది పిల్లల్ని పనిలోంచి బయటికి తీసింది. దాన్ని నడిపించిన ప్రొఫెసర్ శాంతా సిన్హాకి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది ఈ పనికే. వాళ్లు సొంత బళ్లు కట్టుకుంటూ పోలేదు. బ్రిడ్జి క్యాంపుల్లో కొన్నాళ్లు చదువు పట్టించి, పిల్లల్ని ప్రభుత్వ బడుల్లో, హాస్టళ్లలో చేర్చారు, ఆ బడికి టీచర్ కావాలని ఊరివాళ్లతోనే అడిగించారు. అందుకే ఆ పిల్లలకి చదువు ఒక సంస్థ మీద ఆధారపడకుండా నిలిచింది. నేను మీకు చెప్తున్నది దానికి చిన్న రూపమే.

టీచర్ గురించి ఒక్క మాట. ఆమెని నిందించడంతో మొదలుపెట్టొద్దు. ఓటర్ లిస్టు పని, సర్వేలు, పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎంట్రీలు, ఒక్కోసారి రెండు సెంటర్ల ఇన్‌ఛార్జి, ఇవన్నీ ఆమె మీదే. వెళ్లిన రోజు "మీకేం కావాలి?" అని అడగండి. చాలామంది మొదట అడిగేది ఫ్యాన్. ప్రతి సెంటర్‌కి తల్లులు, స్థానికులతో పర్యవేక్షణ కమిటీ ఉండాలి, పేరుకి ఉంటుంది కూడా. దాన్ని నెలకోసారి నిజంగా కూర్చోబెట్టండి, ఆడవాళ్లు పని నుంచి వచ్చే టైముకి. మీ అసోసియేషన్ నుంచి ఒక్కరు వెళ్లండి, అంతకు మించి వద్దు, నలుగురు వెళ్తే బస్తీ వాళ్లు మాట్లాడటం మానేస్తారు.

మొత్తానికి వరస ఇది: ఈ వారం సెంటర్ చూడండి, అసోసియేషన్‌లో ఆ ఒక గంట సంగతి తేల్చండి. వచ్చే నెలలో ఇల్లిల్లూ లెక్క. ఆ తర్వాత హాల్, ఆ తర్వాతే క్రెష్. హాల్ కుదిరేదాకా, ఆసుపత్రి రోజుల కూలీకి తప్ప, డబ్బు బ్యాంకులోంచి తీయొద్దు. లెక్క పూర్తయ్యాక పిల్లల పేర్లు లేకుండా వయసుల వారీగా అంకెలు ఇక్కడ పెట్టండి. సీడీపీఓకి, జిల్లా సంక్షేమాధికారికి ఇచ్చే దరఖాస్తు డ్రాఫ్ట్ నేను రాసిస్తాను.